నాయనమ్మ తాగని నీళ్ళు

భవానీపురం, ఫిబ్రవరి 2

నాన్నకు వందనాలు.

నాయనమ్మ కిడ్నీలు ఎందుకు దెబ్బతింటున్నాయో నాకు నిన్న అర్థమైంది, అందుకే వెంటనే రాస్తున్నాను. ఫోనులో అయితే పక్కనుండి ఆమె వింటుంది. ఈ కార్డు పాస్టరమ్మ గారి చేత విడిగా చదివించుకోండి.

పెద్దవాళ్ళ ఆరోగ్యం మీద మా యూనివర్సిటీలో చేసిన పరిశోధన గురించి నిన్న ఇక్కడి చర్చి హాల్లో అందరికీ చెప్పాం. చీకటి పడ్డాక చాలామంది నీళ్ళు మానేస్తున్నారని, అది కిడ్నీలకు మంచిది కాదని నేనన్నాను. సంపూర్ణమ్మ గారనే పెద్దావిడ లేచి, "తాగితే రాత్రి బాత్‌రూముకి లేవాలి కదమ్మా. మీ యూనివర్సిటీ వచ్చి నన్ను పట్టుకుంటుందా?" అన్నారు. అందరూ నవ్వారు. పక్కనున్న కోడలు, "నన్ను లేపొచ్చుగా అత్తయ్యా" అంది. "లేపితే లేస్తావు, అదే నా బాధ. తెల్లారితే నీకు డ్యూటీ" అన్నారావిడ. హాల్లో ముసలివాళ్ళంతా తలలూపారు.

మన నాయనమ్మ కూడా అమ్మను లేపలేకే మానేసిందని నా భయం. నాయనమ్మ మంచాన్ని బాత్‌రూముకి దగ్గరగా, వెనక వసారాలోకి మార్చండి. దొడ్లో బల్బు పెట్టించండి. అమ్మ మోకాలు ఎలా ఉంది? చెరుకు కోత అయిందా?

నాయనమ్మ రాత్రిపూట నీళ్ళు తాగుతోందో లేదో పదిహేనో తారీఖులోపు నాకు రాయించండి. ఆమెను అడగొద్దు, తాగానంటుంది. పొద్దున్నే ఆమె మంచం పక్కన చెంబులో నీళ్ళు తగ్గాయేమో చూడండి.

మీ కెజియా