లిఫ్టు హ్యాండిల్ అనసూయ చేతికి

నిజామాబాదు పట్టణం, ఖిల్లా రోడ్డులో ఉండే అంకం గోదావరి అనే నేను, కీర్తిశేషులు పరమేశ్వర్ భార్యను, వయసు యాభై ఆరు, ఇల్లు చూసుకోవడమే నా పని, ఈ వీలునామాను నా చేతిరాతతో రాస్తున్నాను. ఈ రోజు నాకు జ్వరం లేదు, మతిమరుపు లేదు. పోయిన ఏడాది గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయ్యాక ఒంట్లో కుదురుగానే ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ పక్కన కూర్చుని మాటలు అందివ్వడం లేదు. ఇందాక మా అబ్బాయి మధుకర్ వచ్చి "ఏం రాస్తున్నవమ్మా, సామాన్ల చిట్టీనా" అని అడిగాడు. అవునన్నాను. ఒక విధంగా ఇది అదే.

1. దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు. నా పేరుతో వేరే కాగితం ఏదైనా కనిపిస్తే అది నాది కాదు. దీన్ని అమలు చేసే బాధ్యత నా కూతురు శ్రీవాణికి ఇస్తున్నాను. ఆమె బాల్కొండలో టీచరు. మధుకర్ మీద నమ్మకం లేక కాదు. మధుకర్ మెత్తనివాడు, ఎవరు చివర మాట్లాడితే వారి మాట వింటాడు. శ్రీవాణి మొదట మాట్లాడుతుంది.

2. బోధన్ దగ్గర మా బాపు నాకు ఇచ్చిన ఎకరం పొలం శ్రీవాణికి. ఒకప్పుడు అది చెరుకు చేను. ఫ్యాక్టరీ మూతపడ్డాక వరి వేస్తున్నారు. కౌలుకు చేస్తున్న రైతును తీసేయవద్దు. నా పొలంలో గట్టు జరపని మనిషి అతనొక్కడే.

3. నా చంద్రహారం శ్రీవాణికి. నా గాజులు నాలుగూ కోడలికి. మా అత్తమ్మ ముత్తవ్వ వెండి కడియాలు మా మరిది శేఖర్ భార్య సవితకు. ఈ కడియాలు పెద్దకోడలికి ఇస్తానని అత్తమ్మ నా పెళ్లినాడు పదిమందిలో చెప్పింది, కన్నుమూసే ముందు రోజు దాకా కాళ్లకు వేసుకునే ఉంది. సవితా, నువ్వు వాటిని వెంటనే వేసుకో. ఎవరి చావు కోసమూ దాచిపెట్టకు.

4. నేను ఉంటున్న భవనం, నా భర్త రిజిస్టరు వీలునామా ద్వారా నాకు వచ్చింది. కింది అంతస్తులో రెండు దుకాణాలు, నడిమి అంతస్తులో మా కాపురం, పై అంతస్తులో మా ఆడబిడ్డ అనసూయ గది, దాని ముందు డాబా. భవనం మధుకర్‌కూ శ్రీవాణికీ చెరిసగం. అయితే పై అంతస్తు మొత్తం అనసూయ బతికినంతకాలం అనసూయదే. ఆమెను అక్కడి నుంచి కదిలించే హక్కు వారిద్దరిలో ఎవరికీ లేదు. శేఖర్‌కు పంపకాలనాడే బాల్కొండ గోదాము వచ్చింది కాబట్టి దీంట్లో అతనికి భాగం లేదు. ఈ సంగతి అతనికి తెలుసు. అయినా అప్పుడప్పుడు మరిచిపోతుంటాడు.

5. ఆ భవనంలోని లిఫ్టును, అంటే డబ్బా, తాళ్లు, బరువు దిమ్మెలు, పైన మోటరు గది, అందులోని మోటరు, నల్లరాతి పలక మీది స్విచ్చులు, అన్నింటినీ భవనం నుంచి వేరుచేసి అనసూయకు పూర్తి హక్కుతో ఇస్తున్నాను. లిఫ్టును భవనం నుంచి ఎట్లా వేరుచేస్తారని వకీలు నవ్వాడు. కాగితం మీద చేస్తానని చెప్పాను.

ఈ లిఫ్టు సంగతి తెలియనివారి కోసం రాస్తున్నాను. మాది బీడీల కుటుంబం. బీడీలు చుట్టే తునికాకు కింద పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుందని, పై అంతస్తులో నిల్వచేయడానికి మా మామయ్య దీన్ని తెప్పించాడు. బొంబాయిలో ఒక పాత హోటలును కూలగొడుతుంటే వేలంలో కొన్నాడట. దీనికి బటన్లు లేవు. డబ్బా లోపల గోడకు గుండ్రటి ఇత్తడి పెట్టె, దానికి ఒక హ్యాండిల్. నడుమ ఉంటే ఆగుతుంది. కుడికి తోస్తే పైకి, ఎడమకు తోస్తే కిందికి. కొంచెం తోస్తే, అంటే మొదటి పాయింటు మీద, మెల్లగా, పూర్తిగా తోస్తే వడిగా. అప్పుడు పైన మోటరు గదిలో రాగి స్విచ్చులు ఒకదాని తర్వాత ఒకటి టప్ టప్ మని పడతాయి. మోటరుకు కరెంటు ఒక్కసారిగా ఇస్తే కాలిపోతుంది కాబట్టి, కరెంటు దారికి అడ్డంగా ఉన్న ఇనుప గ్రిడ్లను అవి ఒక్కొక్కటిగా తప్పిస్తాయి. చెయ్యి వదిలితే స్ప్రింగు హ్యాండిల్‌ను నడుమకు తెస్తుంది, మోటరుకు కరెంటు ఆగుతుంది, బ్రేకు బిగుసుకుంటుంది. ఊళ్లో కరెంటు పోయినా బ్రేకు అట్లాగే పడుతుంది.

ఇవన్నీ నాకు లిఫ్టు చూడకముందే తెలుసు. మా బాపు బోధన్ ఫ్యాక్టరీ యార్డులో చెరుకు మోపులు ఎత్తే క్రేను నడిపేవాడు. దాని హ్యాండిల్ కూడా ఇదే రకం. నన్ను పక్కన నిలబెట్టుకుని చెప్పేవాడు: "మొదటి పాయింటు మీద ఒక్క ఊపిరి ఆగాలె బిడ్డా. మోటరు లేవనియ్యి, అటెంక తోయి. చెయ్యి తీస్తే ఆగాలె. మనిషి పట్టుకున్నంతసేపే నడవాలె, అదే దాని ధర్మం."

6. ఆ హ్యాండిల్ ఊడి వస్తుంది. నడుమ ఉన్నప్పుడు పైకి లాగితే చేతిలోకి వస్తుంది. ఎవరు పడితే వారు నడపకుండా అట్లా చేశారు. మా ఇంట్లో అది మొదట మామయ్య దగ్గర, తర్వాత అత్తమ్మ దగ్గర, బీరువా తాళాల గుత్తితోపాటు ఉండేది. అత్తమ్మ తర్వాత నా దగ్గరికి వచ్చింది. శ్రీవాణి కడుపులో ఉన్నప్పుడు నీళ్ల బిందెతో నేను మెట్లెక్కాను. హ్యాండిల్ అత్తమ్మ బొడ్లో ఉండేది. ఇప్పుడు దాని గురించి నాకు బాధ లేదు. రాసి ఉంచడం నా అలవాటు కాబట్టి రాశాను.

అనసూయకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. కాలికి ఇనుప పట్టీ, చేతికర్ర. ఆకు నిల్వ ఆగిపోయాక ఆమెను పై అంతస్తులో పెట్టారు. గాలి బాగా వస్తుందని అత్తమ్మ అన్నది. గాలి బాగానే వస్తుంది. కిందికి రావాలంటే మాత్రం ఎవరో ఒకరు వచ్చి హ్యాండిల్ పెట్టాలి. మా పనులయ్యాక, మా తీరిక చూసుకుని దించేవాళ్లం, ఎక్కించేవాళ్లం. ఆమెకే హ్యాండిల్ ఇద్దామని నా భర్త ఒకసారి అంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "దానికియ్యకు, నడుమల ఇరుక్కపోతే ఎవలు దీస్తరు" అన్నది. జబ్బు వచ్చింది కాలికి. చేతులకు కాదు. అయినా అత్తమ్మ పోయాక కూడా ఎవరం ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

7. ఇప్పుడు అసలు విషయం. పోయిన వానాకాలం నా ఆపరేషన్ కోసం హైదరాబాదు వెళ్లాం. మధుకర్, కోడలు నాతో వచ్చారు. పక్క సందులో ఉండే శేఖర్‌కు హ్యాండిల్ అప్పగించి, అనసూయను చూసుకొమ్మని చెప్పాను.

గోదాము రోజుల్లో ఆకు మూటలతోపాటు మనిషి పైకి వెళ్లేవాడు కాదు. హ్యాండిల్‌ను కుడికి తోసి సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేసి, గేటు మూసి పంపేవారు. కట్టడం గేటు సందులోంచి చేసేవారు. పైన చివర ఒక స్విచ్చు ఉంటుంది, డబ్బా దాన్ని తాకితే మోటరు ఆగుతుంది. శేఖర్‌కు ప్రతిసారీ పైదాకా పోయి వచ్చే ఓపిక ఎక్కడిది? అనసూయను లోపల నిలబెట్టి, ట్యూబు కట్టి, మూటను పంపినట్టే పంపాడు. నేను తిరిగి వచ్చాక నాకు గొప్పగా చెప్పాడు: "సూసినవా వదినె, మనిషి లేకుంట నడుస్తున్నది. ఆటోమేటిక్ జేసిన. కంపినోళ్లయితే గిదానికే లచ్చలు అడుగుతరు."

నేను పైకి వెళ్లి చూశాను. శేఖర్ అప్పుడే అనసూయను పంపి ఉన్నాడు. డబ్బా నేల, డాబా నేల సమంగా ఉన్నాయి. అది కుదరని పని. ఆ పై స్విచ్చు డబ్బాను అంతస్తు దాటాకే ఆపుతుంది, మూరెడు ఎత్తులో. మూటలకు పరవాలేదు, లాగి కింద పడేసేవారు. కాలికి పట్టీ ఉన్న మనిషి అక్కడి నుంచి దిగలేదు. మరి డబ్బాను సమానానికి ఎవరు దించారు?

అనసూయను అడిగాను. ఆమె మొక్కలకు నీళ్లు పోస్తూ తల తిప్పలేదు.

"ట్యూబు ఇప్పిన. ఎడమకు జరంత తోసిన. వదిలిన. ఆగింది."

ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవలు నేర్పుతరు వదినె? ఇన్నేండ్ల సంది మీరు తోలుతుంటే నేను పక్కపొంటి నిలవడి ఏం జేస్తున్ననుకున్నవ్?"

మరి శేఖర్‌కు ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే హ్యాండిల్ గుంజుకుంటడు. ఆయిన ఆటోమేటిక్ అని మురుస్తున్నడు, మురువనీ" అన్నది.

ఆ రోజే కింది నుంచి పైదాకా నడపమన్నాను, నేను పక్కన నిలబడ్డాను. మొదటి పాయింటు మీద ఆమె ఆగింది. పైన స్విచ్చులు పడే చప్పుడు విని, తర్వాత తోసింది. నాకన్నా నెమ్మది, నాకన్నా సమానం. నా భర్త ఆపితే ఎప్పుడూ ఒక అంగుళం తేడా ఉండేది, పాపం.

అప్పటి నుంచి పొద్దున్నే హ్యాండిల్ డబ్బాలో పెట్టి, రాత్రి పడుకునే ముందే గుత్తిలోకి తీస్తున్నాను, అనసూయ తన ఇష్టం వచ్చినప్పుడు దిగుతుంది. సాయంత్రం మా గేటు ముందరి గంగుబాయి గాజుల దుకాణంలో కూర్చుంటుంది. అక్కడ ఆమె కొంచెం మరాఠీ నేర్చుకుంది, బేరం కూడా. చీకటి పడ్డాక వస్తుంది. ఎక్కడికి పోయావని ఎవరూ అడగరు. నేను అడగనివ్వను.

8. మధుకర్‌కు, కోపంతో కాదు. లిఫ్టు పీకేసి పై అంతస్తును కోచింగు సెంటరుకు ఇద్దామని నువ్వూ శేఖర్ బాబాయీ మాట్లాడుకున్నది నేను విన్నాను. "ఎన్నేండ్లు మోస్తం బాబాయ్ ఈ పాత డబ్బాను? అనసూయత్తమ్మను కింద ఎనుక అర్రల ఉంచుదం, సల్లగుంటది" అన్నావు. నీ ఉద్దేశం చెడ్డది కాదు. ఆ అర్రకు కిటికీ లేదని నీకు గుర్తులేదు, అంతే. బటన్ల లిఫ్టు పెట్టిస్తే మంచిదే కదా అని నేనే అనసూయను అడిగాను. ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పెట్టుకోరి, నాకేం కోపం. కని అది పెట్టేదాంక నన్ను కింద కుసోబెడ్తరు. ఒక్కపారి కుసోబెట్టినంక లిఫ్టు ఎవలు పెడ్తరు?"

అందుకని ఈ షరతులు:

అనసూయ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా లిఫ్టును ఎవరూ పీకకూడదు, అమ్మకూడదు, ఆపకూడదు. ముందు దుకాణం కిరాయి లిఫ్టు మరమ్మతుకే. ఏటా వానలకు ముందు తాళ్లు, బ్రేకు, రాగి కాంటాక్టులు, మోటరు కార్బన్లు చూపించాలి. కరెంటు మార్చే పెట్టెను కూడా, ఎందుకంటే మోటరు డీసీది, ఊరి కరెంటు ఏసీది. ఇందల్వాయి మెకానిక్ వెంకటికి అన్నీ తెలుసు, ఆయనకు చాయ్ ఇచ్చాకే పని చెప్పండి. ఇంజనీరు ఎవరైనా ఇది ప్రమాదం అని రాసి ఇస్తే ఆ రోజే ఆపండి, మొండితనం వద్దు. అప్పుడు అదే కిరాయితో కొత్తది పెట్టించాలి. అది నడిచేదాకా అనసూయ బాల్కొండలో శ్రీవాణి దగ్గర ఉంటుంది, వెనుక అర్రలో కాదు. కొత్తది నడిచేదాకా పై అంతస్తును ఎవరికీ కిరాయికి ఇవ్వకూడదు. ఈ షరతు పెడితే పని త్వరగా అవుతుంది, నాకు తెలుసు.

9. శేఖర్‌కు నా భర్త స్కూటరు. అన్నదమ్ములిద్దరూ దాని మీద తిరిగారు, అది అతనికే చెందాలి. దాంతోపాటు ఆ సైకిల్ ట్యూబు ముక్క కూడా. మోటరు గదిలో మేకుకు వేలాడుతోంది. మనసు మంచిదే శేఖర్, చేతులే కట్టి పెట్టుకుంటావు.

10. గంగుబాయికి నా పెద్ద ఇత్తడి గంగాళం. చాలాసార్లు అడిగింది, నేను వినపడనట్టు ఉన్నాను. నా లెక్కల పుస్తకాలు పాత కాగితాల రద్దీకి వేయండి. వాటిలో ఉల్లిగడ్డల ధరలు తప్ప ఏమీ లేవు, ఎవరూ కూర్చుని వెతకవద్దు.

11. హ్యాండిల్ గురించి. వీలునామా నేను పోయాక గాని పనిచేయదని వకీలు చెప్పాడు. అంతదాకా అనసూయ ఎందుకు ఆగాలి? అందుకని దాన్ని ఈ ఉదయమే ఆమె చేతికి ఇచ్చేశాను. తాళాల గుత్తిలో ఇక అది ఉండదు. ఎవరూ తిరిగి అడగకుండా మాత్రమే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా పైకి పోవాలంటే అనసూయను అడగండి. తీరిక ఉంటే తోలుతుంది, లేకపోతే మెట్లున్నాయి.

12. చివరగా నా శవం సంగతి. నడిమి అంతస్తు నుంచి నన్ను మెట్ల మీద నలుగురు మోసుకుంటూ, తల కిందికి కాళ్లు పైకి చేసి దించవద్దు. మామయ్యను, అత్తమ్మను అట్లాగే దించారు, నేను చూశాను. ఆకు మూటలు పట్టిన డబ్బాలో నేను పడతాను. నన్ను లిఫ్టులో దించండి. ఆడవాళ్లు ఆ సమయంలో పక్కన ఉండకూడదని పురోహితుడు అంటే, లిఫ్టు నడిపే మనిషి అనసూయే అని చెప్పండి. అనసూయ ఎక్కడ ఏడవాలో అక్కడ ఏడుస్తుంది, డబ్బాను మాత్రం సమంగానే ఆపుతుంది. ఆమె మొదటి పాయింటు మీద ఆగినప్పుడు ఎవరూ తొందరపెట్టకండి.

ఇది చదివి, సరిచూసుకుని, నా ఇష్టపూర్వకంగా చేసిన సంతకం.

తేది: 2025 జూలై 14, సోమవారం. నిజామాబాదు.

(సం.) అంకం గోదావరి

మా కళ్ల ముందు ఆమె సంతకం చేసింది, ఆమె ముందు మేము చేశాం. దీంట్లో మాకు ఏ భాగమూ లేదు.

సాక్షి 1: జయప్రకాష్, మందుల దుకాణం, కింది అంతస్తు కిరాయిదారు.

సాక్షి 2: విజయశ్రీ, బోధన్.