జైతూన్‌ను తీసుకురాలేదు

ముత్తుకూరు, మే 1964

నాయనా దరియావలీ,

నీకు అమ్మ దువా. గూడూరు ఎండలో తిరగొద్దు, తల తిరుగుతుంది.

పెళ్లికాని పిల్ల నెల్లూరులో ఉండకూడదు, పంతుళ్ల ట్రెయినింగు మానిపించి చెల్లెల్ని తీసుకురా అన్నావు. భయపడుతూనే బస్సెక్కాను. అక్కడ పిల్లలకు రాత నేర్పే పంతుళ్లంతా తామే పిల్లల్లాగా బెంచీల మీద కూర్చుని రాస్తున్నారు. నేర్పే పెద్దసారు కూడా వాళ్ల మధ్యనే రాస్తున్నాడు. ముందు మనం రాస్తేనే పిల్లల కష్టం తెలుస్తుంది అంటాడట.

నేను కిటికీ దగ్గర ఉండగా జైతూన్ లేచి, తను రాసింది చదివింది. తుపానుకు మన ఇంటి కప్పు లేచిపోయిన రోజు మీ నాయన వాకిట్లో తడుస్తూ నవ్విన సంగతి. దరియా, పోయిన మనిషి ఆ గదిలో నిలబడి నవ్వినట్టే ఉంది. అంతమందీ రాయడం ఆపి విన్నారు. ఇది నా కడుపున పుట్టిన పిల్లేనా!

బయటికొచ్చి నన్ను చూసి బిక్కమొహం వేసింది.

"అన్న తోడుకొని రమ్మన్నాడా మా?"

"లేదే. ఊరగాయ మామిడికాయ కావాల్నా, నిమ్మకాయ కావాల్నా అడిగిపోదామని వచ్చినా."

"దానికి ఇంత దూరం వచ్చినావా!"

నిమ్మకాయ కావాలంది. జాడీకి గుడ్డ కట్టి ఉంచాను. శుక్రవారం కొట్టు మూసి వచ్చి, నువ్వే తీసుకుపోయి ఇవ్వు. ఇంటికి రమ్మన్న మాట మాత్రం ఎత్తకు.

మీ అమ్మ