బల్ల కింద చోటు

మార్చి 3, సోమవారం

ఈ డైరీ ఒక సిమెంట్ కంపెనీకి మేం ప్రింట్ చేసింది. అట్ట తలకిందులుగా బైండ్ అయిందని వాళ్ళు తిప్పి పంపారు. అట్ట సంగతి వదిలేస్తే లోపల అంతా బాగానే ఉంది. నాలాగే.

మా ఆవిడ మోకాలి ఆపరేషన్ అయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. కర్ర పట్టుకుని హాల్లోంచి వంటింటి దాకా నడుస్తోంది. వ్యాయామాలు చేయించే అమ్మాయి వచ్చి చూసి, నడక బ్రహ్మాండంగా ఉంది ఆంటీ అని మెచ్చుకుంది. మెచ్చుకున్నాక అసలు మాట చెప్పింది. కూర్చున్నప్పుడు కాలు చాపుకునే కూర్చోవాలట. గంటలకి గంటలు మడిచి పెట్టడం ఇక కుదరదట. మా ఆవిడ నా వైపు చూసి, అయితే షాపులో ఆ కుర్చీలో నేనింక పట్టను, వేరే ఎవరినైనా చూసుకోండి అంది. నవ్వుతూనే అంది. వెంటనే టీ తాగుతారా అంది.

తాగుతానన్నాను.

మార్చి 4, మంగళవారం

మా ప్రింటింగ్ షాపు వెడల్పు ఏడడుగులు. ఒక పక్క ప్రింటరు, పేపర్ కట్టర్. ఇంకో పక్క గోడకి బిగించిన బల్ల, దాని ముందు రెండు కుర్చీలు. ఒకటి నాది, ఒకటి ఆవిడది. ఆవిడ కుర్చీకి ఎదురుగా బల్ల కింద పెద్దాయన ఉంటాడు.

పెద్దాయనంటే మా కంప్యూటర్. లోపలి సామానంతా మూడుసార్లు మారింది, ఇనప డబ్బా మాత్రం మొదటి రోజుదే. ఆన్ చేస్తే దగ్గుతాడు, కాసేపు గొణుగుతాడు, తర్వాత పనిలోకి దిగుతాడు. నాకంటే నయం. నేను పనిలోకి దిగాక కూడా గొణుగుతాను.

ప్రూఫు చూసేటప్పుడు కస్టమర్ ఇచ్చిన కాగితం ఆవిడ చేతిలో ఉంటుంది. ఆవిడ పైకి చదువుతుంది, నేను స్క్రీన్ మీద సరిచూస్తాను. కామా ఉంటే కామా అంటుంది, ఫుల్‌స్టాప్ ఉంటే ఫుల్‌స్టాప్ అంటుంది. ఫోన్ నంబరైతే ఒక్కో అంకే రెండుసార్లు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఇంట్లో పోట్లాడుకున్నప్పుడు కూడా, మీతో నావల్ల కాదు ఫుల్‌స్టాప్ అని ముగిస్తుంది. కామా అంటే మాత్రం ఇంకా ఉందని అర్థం.

ఇవాళ షట్టర్ తీయగానే టేపు పెట్టి కొలిచాను. బల్ల కింద లోతు ఇరవై ఆరంగుళాలు. అందులో పెద్దాయన పద్దెనిమిది తినేశాడు. మిగిలింది ఎనిమిది.

అంటే ఇన్నేళ్ళూ ఆవిడ కాళ్ళు కుర్చీ కిందికి మడుచుకుని కూర్చుంది. ఉన్న చోటు నేను కంప్యూటర్‌కి ఇచ్చాను. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. నాకెప్పుడూ తట్టలేదు.

మోకాలు అరగడానికి ఇదే కారణమా అని ఆపరేషన్ చేసిన డాక్టర్ని అడుగుదామనుకున్నాను. అవునంటే ఏం చెయ్యాలో తెలీక ఊరుకున్నాను.

మార్చి 6, గురువారం

మా కంప్యూటర్ రిపేరు మనిషిని అందరం స్క్రూడ్రైవర్ అనే పిలుస్తాం. వాడి పెళ్ళి ఫోటోలో కూడా జేబులో స్క్రూడ్రైవర్ కనిపిస్తుంది. వాణ్ణి పిలిచి, ఆ అరచేతి సైజు మినీ కంప్యూటర్లు వస్తున్నాయట కదా, కొనచ్చా అని అడిగాను.

కొనచ్చు అన్నా, కానీ అన్నాడు. వాడి కానీ ముప్పావు గంట నడిచింది. కరెంటు తక్కువ తాగుతుంది, చప్పుడుండదు, మానిటర్ వెనకాల నాలుగు స్క్రూలతో తగిలించెయ్యచ్చు. అంతవరకూ సంతోషం. కానీ లోపల లాప్‌టాప్ సామానే ఉంటుంది. ర్యామ్, డిస్కు మార్చుకోవచ్చు, మిగతాది పోతే మొత్తం పోయినట్టే. సీడీ పెట్టే చోటుండదు. వెనకాల పోర్టులు తక్కువ. చార్జర్ మాత్రం ఇటుకంత, దాన్ని దాచడానికి మళ్ళీ చోటు వెతుక్కోవాలి. గంటల తరబడి పెద్ద ఫోటోల పని పెడితే వేడెక్కుతుంది. నీది కరపత్రాల పని గాబట్టి చాలు, అదైనా కొత్తది కాకుండా ఆఫీసుల్లో వాడి తీసేసింది తీసుకో, మాల్ గట్టిగా ఉంటుంది అన్నాడు.

అంతా చెప్పి, ఇంతకీ పెద్దాయనకేమైందన్నా, బానే ఉన్నాడుగా అన్నాడు.

బానే ఉన్నాడు, ఊరికే అన్నాను. యాభై నాలుగేళ్ళ మగాడు తన భార్య కాలు పెట్టుకోవడానికి చోటు కోసం కంప్యూటర్ మారుస్తున్నానని ఎలా చెబుతాడు. ఎవడైనా చెబుతాడేమో. నేను చదివిన బళ్ళో అది నేర్పలేదు.

మార్చి 7, శుక్రవారం

ప్లంబర్ కరపత్రాలు, వెయ్యి. నేనే చదువుకుని, నేనే సరే అనుకుని, ప్రింట్ కొట్టేశాను.

మార్చి 8, శనివారం

అక్కని చూడ్డానికి బావమరిది వచ్చాడు. అతనికి తెలియని విషయం ఇంకా పుట్టలేదు. మినీ సంగతి ఎత్తగానే, బావా ఆ లంచ్ బాక్సుతో ఏం పని, కొంటే ఇంత పెద్దది కొను అని చేతులు చాపి చూపించాడు. చూపించిన సైజుకి మా షాపు షట్టర్ దిగదు. అలాంటిది కొంటే తప్పులన్నీ అదే పట్టేస్తుందట. అక్క ఇంక ఆ ఇరుకులో కూర్చుని కామాలు చదవక్కర్లేదట. హాయిగా ఇంట్లో రెస్టు తీసుకోవచ్చట.

మా ఆవిడ కాలు చాపుకుని, బొటనవేలి వైపు చూస్తూ కూర్చుంది. నేనూ ఆ వేలి వైపే చూశాను.

మార్చి 12, బుధవారం. పొద్దున పదకొండు

ఆవిడ ఇంటి నుంచి ఫోన్ చేసింది. ఏవండీ, ఎవరెవరో తెలీదు గానీ పొద్దుట్నుంచి నలుగురు వాళ్ళ బాత్రూమ్ పైపుల గోడు నాకు చెప్పుకుంటున్నారు అంది. ఐదో ఆయన్ని ఈ నంబరు ఎక్కడిదని అడిగితే కరపత్రం చదివి వినిపించాడట. చివర్న మన ప్రెస్ పేరు కూడా చదివాడట.

కాగితం తీసి చూశాను. ప్లంబర్ తన నంబరు పెద్ద పెద్ద అంకెలతో, కింద గీత కూడా గీసి ఇచ్చాడు. నేను కొట్టింది మా ఆవిడ నంబరు. పది అంకెలూ, ఒక్క తప్పు లేకుండా.

అదే రోజు, సాయంత్రం

ప్లంబర్ వచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను, అయోమయంగా వచ్చాడు. బజార్లో ఎవరో ఆపి, మీ ఆవిడ ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడిందండీ అన్నారట. అప్పుడు వాళ్ళావిడ పక్కనే ఉందట. ఆవిడకి ఆ ఫోన్ సంగతే తెలీదు. ఇంటికెళ్ళే దాకా ఆ మర్యాదస్తురాలెవరని అడుగుతూనే ఉందట.

తప్పు నాదేనని ఒప్పుకుని, కొత్తవి వేసిస్తానన్నాను. ముందు మా ఆవిడకి ఫోన్ కలిపి ఇచ్చాను. ఆవిడ వచ్చిన ఫోన్లన్నీ పుస్తకంలో రాసుకుని ఉంచింది. ఎవరిల్లు, ఏ అంతస్తు, చుక్కలా ధారా, ఎప్పట్నుంచి, గేటు దగ్గర కుక్క ఉందా. ప్లంబర్ రాసుకుంటూ రాసుకుంటూ కుర్చీలో కూర్చుండిపోయాడు. ఫోన్ పెట్టేసి, సార్ కొత్తవి వెయ్యకండి, నేను సింకు కింద దూరి ఉంటే తడి చేత్తో ఫోనెలా ఎత్తను, మేడమ్‌నే ఉంచెయ్యండి అన్నాడు.

కానీ వాళ్ళావిడకి మాత్రం ఆ మాట నేనే చెప్పాలట.

మార్చి 17, సోమవారం

ఇంట్లో ఇప్పుడు ఒక ఆఫీసు నడుస్తోంది. సోఫా మీద కాలు చాపుకుని, ఒళ్ళో పుస్తకం, చెవికి ఫోను. ముందు మీటర్ దగ్గర వాల్వు కట్టెయ్యండి బాబూ, కంగారు పడకండి అంటోంది. మొహంలో కళ. నెల రోజులుగా చూడనిది.

నాకు సంతోషంగానే ఉంది. భయంగా కూడా ఉంది. ఇంక ఆ ఏడడుగుల షాపులోకి ఎందుకొస్తుంది.

అడిగితే పోయేదానికి ఈ గోలెందుకు అని ఎవరైనా అనచ్చు. అడిగితే, రానంటే?

మార్చి 20, గురువారం

మినీ వచ్చింది. స్క్రూడ్రైవర్ సంచిలోంచి తీసి బల్ల మీద పెడితే ముందు అట్టపెట్టె అనుకున్నాను. మానిటర్ వెనకాల బిగించాడు. ప్రింటర్ కలిపాడు. ఇటుకంత చార్జర్ని గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు. ఆన్ చేస్తే చప్పుడే లేదు. ఆన్ అయిందో లేదో అని రెండుసార్లు నొక్కి ఆఫ్ చేశాను.

పాత ఫైళ్ళు ఎక్కించుకున్నాక పెద్దాయన్ని గుమ్మం పక్క మూలకి జరిపాం. బల్ల కింద దుమ్ములో ఆయన నాలుగు కాళ్ళ గుర్తులు. పక్కన రెండు పెన్ను మూతలు, ఆవిడ జడపిన్ను ఒకటి. నేలంతా తుడిచాను. మోకాళ్ళ మీద కూర్చుని లోపలి గోడ దాకా తుడిచాను. జడపిన్ను జేబులో వేసుకున్నాను.

ఇంటికెళ్ళి కొత్త కంప్యూటర్ వచ్చిందన్నాను. ఫోటో చూపిస్తే, ఇదేనా, మిగతాది ఎప్పుడొస్తుంది అంది. బల్ల కింద అని నేను మొదలెట్టేలోపు ఎవరిదో ట్యాంకు పొంగింది. ఫోన్ ఎత్తుకుంది.

మార్చి 22, శనివారం

ఒక్కణ్ణే పైకి చదువుకున్నాను, కామాలతో సహా. జెరాక్స్ కోసం వచ్చినాయన నన్ను చూసి మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

మార్చి 25, మంగళవారం

ప్లంబర్ ఇంకో వెయ్యి కావాలని వచ్చాడు. అవే, అదే నంబరుతో, అప్పటికప్పుడే. ఎక్కడికెళ్ళినా ముందు వంగి కిందికి చూడటం అతని అలవాటు. బల్ల కిందికి చూసి, ఇదేంటి సార్ ఇక్కడ ఖాళీ చేశారు, చెమ్మ వస్తోందా అన్నాడు.

చెమ్మ లేదు, మా ఆవిడ కాలికి అన్నాను.

అనేశాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది పైపుల మనిషికి చెప్పాను. అతను లేచి నిలబడి, మేడమ్‌కి తెలుసా అన్నాడు. తెలీదన్నాను. ఈ మాట చెప్పడానికి కూడా ప్లంబర్ కావాలా సార్ అని, వెయ్యి కరపత్రాలూ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మార్చి 26, బుధవారం. పదిన్నర

షాపు ముందు ప్లంబర్ వ్యాన్ ఆగింది. ముందు సీటులోంచి ఒక కర్ర దిగింది. తర్వాత మా ఆవిడ దిగింది. వెనకాల పైపులు, ఒక కమోడు. ఊరేగింపులా ఉంది.

నేను చెయ్యి అందిస్తే, మెట్టెక్కడం నాకొచ్చు, ఆ వ్యాయామాల అమ్మాయి నేర్పింది అంది. ఎక్కింది. మినీ వైపు చూడనే చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని కాలు చాపింది. చాపుతూ చాపుతూ వెళ్ళింది. గోడ తగల్లేదు. ఇంకొంచెం జరిగి మళ్ళీ చాపింది.

వంగి బల్ల కిందికి చూసింది. తర్వాత, అబ్బో, ఇక్కడ ఇంత చోటుందా అంది.

ఉందన్నాను. ఎప్పుడూ ఉండేదని అనాల్సింది. తల తిప్పుకుని, చార్జర్ ఏదో సన్నగా కూస్తోందన్నాను. కూయట్లేదే అంది.

పది నిమిషాలకి మడమ నేల మీద నొప్పెడుతోందంది. కింద ఏదైనా ఎత్తు పెట్టుకోవాలట. పేపరు కట్టలు పెట్టి చూశాం, జారిపోయాయి. ప్లంబర్ కమోడు మూత తెస్తానన్నాడు, ఆవిడ చూసిన చూపుకి మానేశాడు. చివరికి మూలనున్న పెద్దాయన్ని తెచ్చి, అడ్డంగా పడుకోబెట్టి, పైన నా తువ్వాలు మడిచి వేశాం. మడమ పెట్టి చూసుకుని, సరిగ్గా సరిపోయాడు అంది.

పడుకుంటే ఆయన ఎత్తు ఏడంగుళాలు. ఎదురుగా గోడకి ఇంకా జానెడు చోటు మిగిలింది.

మార్చి 29, శనివారం

మినీ ఎలా ఉందో చూడ్డానికి స్క్రూడ్రైవర్ వచ్చాడు. పెద్దాయన మీద మా ఆవిడ కాలు చూశాడు. నా వైపు చూశాడు. ఇందుకా, అన్నా? ఈ ముక్క ముందే చెబితే రెండు పొడుగు కేబుళ్ళు వేసి పెద్దాయన్ని కట్టర్ వెనక్కి నెట్టేవాణ్ణి కదా, అరగంట పని అన్నాడు.

నేను అడిగింది మినీ కొనచ్చా అని. వాడు చెప్పింది దానికి జవాబు. వాడి తప్పేం లేదు.

మా ఆవిడ నవ్వడం మొదలెట్టింది. కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఈ మనిషి ఇంతే బాబూ, దాహమేస్తే బావి తవ్వుతాడు, నోరు తెరిచి గ్లాసుడు నీళ్ళు అడగడు అని వాడికి చెప్పింది. కళ్ళు తుడుచుకోడానికి తువ్వాలు కోసం చూసింది. అది కాలి కింద ఉంది. నా చొక్కా చేయి పట్టి లాగి తుడుచుకుంది.

ఏప్రిల్ 2, బుధవారం

బావమరిది ఫోన్ చేశాడు. ఆ లంచ్ బాక్సు కొన్నందుకు లాభమేనా బావా అని. లాభమే అన్నాను. ఎలా అన్నాడు. చప్పుడు చెయ్యదు అన్నాను.

ఇవాళ ప్రూఫులో ఒకే ఒక్క తప్పు. నాది. ఆవిడ కామా అంది, ఫోన్ మోగితే ఎత్తి చుక్కలా ధారా అంది, పెట్టేసి మళ్ళీ కామా అంది. నేను స్క్రీన్ వైపు చూడట్లేదు.

కామా.