పిల్లికూతల కంప్యూటర్

అమ్మా,
నేను కులాసా, బెంగపెట్టుకోకు. కొత్త కంప్యూటర్లు మన తాహతుకు మించినవి. బిల్లులు కట్టుకోవడానికీ, ఉత్తరాలు రాసుకోవడానికీ చాలులే అని పాతదొకటి చవగ్గా కొన్నాను. కొట్లో ఆన్ చెయ్యగానే దాని ఫ్యాను, మెట్లెక్కి వచ్చిన నాన్నమ్మలా ఆయాసపడింది. చివర అచ్చం ఆవిడ పిల్లికూతే!

“దుమ్మమ్మా, తుడిచిస్తా” అన్నాడు కొట్టతను. నేనే వద్దన్నాను. గదిలో ఆవిడ తోడున్నట్టే ఉండేది.

నిన్న పొద్దున ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. విప్పి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తమ్ముడి పాత కీబోర్డు ఖాళీగా ఉంటే పంపించు. వంటింటి పైకప్పు కారడం ఆగిందా? నాన్నమ్మకి నా దణ్ణాలు చెప్పు. ఆవిడెలా ఉందని ఫోన్లో అడగడానికి ధైర్యం చాలక ఈ ముక్క రాస్తున్నాను.

నీ పెద్దది