గోడ మందమెంతండీ?

ఇంటి యజమానురాలు గారికి నమస్కారాలు.

పత్రికలో వాటా అద్దెకిస్తామన్న మీ ప్రకటన చూశాను. నేను పళ్ళసెట్లు తయారుచేసే మేస్త్రిని. మా డాక్టరుగారు మీ ఊళ్ళో కొత్త ఆసుపత్రి పెడుతూ నన్నూ రమ్మంటున్నారు. ఒంటరివాణ్ణి. సామాను ఒక మంచం, రెండు పెట్టెలు. వచ్చి చూసుకునే వీలు లేక ఉత్తరంలోనే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.

నీళ్ళూ వెలుతురూ ఎలా ఉన్నా సర్దుకుంటాను. నా బెంగంతా గోడ గురించే. ఆ వాటాకీ పక్క వాటాకీ మధ్య గోడ మందమెంతండీ? అవతలి వాళ్ళ అలికిడి వినిపిస్తుందా? ఇక్కడ నా గదికీ మా అక్కయ్య ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క చెక్క అడ్డు. వాళ్ళింట్లో ఏడుగురు. ఇరవై ఏళ్ళపాటు వాళ్ళ దగ్గులూ, దెబ్బలాటలూ, బావగారి గురకా అన్నీ విన్నాను. అందుకే దాచకుండా చెప్పమంటున్నాను.

ఇట్లు,
పళ్ళసెట్ల మేస్త్రి

తా.క. పై అంతస్తులో పిల్లలున్నారా? ఎంతమంది?

---

మేస్త్రిగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం చదివి కడుపు తరుక్కుపోయింది. ఇరవై ఏళ్ళా! ఏడుగురితోనా! పగవాడికి కూడా వద్దు ఆ కష్టం. మీరు నిశ్చింతగా రండి. మాది పాతకాలపు ఇటుక గోడ. అవతల ఏనుగు పొర్లినా ఇవతల తెలియదు. పైన పిల్లలు లేరు. ఒక దర్జీ ఆవిడ ఉంది, ఆవిడ మాట ఆవిడకే వినపడదు. కింద కిరాణా గోడౌను. బస్తాలు మాట్లాడవు కదా.

పక్క వాటాలో ఉండేది నేనే. బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఒక్కదాన్నే ఉంటాను. చాలా నెమ్మదస్తురాలిని.

ఇట్లు,
డ్రిల్లు టీచరు

తా.క. ఏం కావాలన్నా ఉత్తరమే రాయండి. ఫోన్ మాత్రం చెయ్యకండి. ఇక్కడ లైను బాగుండదు.

---

టీచరుగారికి నమస్కారాలు.

గోడ గట్టిదన్నారు, సంతోషం. మరీ అంత గట్టిదా? కిటికీ తీసి పెట్టుకున్నా ఏమీ వినిపించదా? దర్జీ ఆవిడ మిషన్ సంగతి రాయలేదు. పొద్దుపోయేదాకా కుడుతుందా? కుళాయి కారుతుందా? తలుపులు కిర్రుమంటాయా? మీ గోడ గడియారం గంటలు కొడుతుందా? వేధిస్తున్నానని అనుకోవద్దు. ఒకసారి చేరాక మళ్ళీ ఇల్లు మారడం నావల్ల కాదు.

అక్కయ్యవాళ్ళు పోయిన వేసవిలో వేరే ఊరు వెళ్ళిపోయారు. అప్పటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఇంతకన్నా రాయాలంటే సిగ్గేస్తోంది.

ఇట్లు,
మేస్త్రి

తా.క. మీకు గురక వస్తుందా? అడగకూడనిది అడిగితే క్షమించండి.

---

మేస్త్రిగారికి,

ఇంత పట్టింపు మనిషిని నేనెక్కడా చూడలేదు. అయినా సరే, కుళాయికి కొత్త వాషర్ వేయించాను. తలుపులకు నూనె పోశాను. ఇప్పుడు నేను వంటింట్లోకి వస్తున్న సంగతి తెలియక మా పిల్లి నన్ను చూసి అదిరిపడుతోంది. గడియారం గంట ఊడదీయించాను. దర్జీ ఆవిడ మిషన్ కింద మడత దుప్పటి వేయించాను. మొహం మాడ్చుకుంది గానీ పెద్దదాన్నని ఊరుకుంది.

వేసవి నుంచి నిద్ర లేదన్నారు. ఇరవై ఏళ్ళ గోల చెవుల్లోంచి అంత తొందరగా పోతుందా మరి! ఇక్కడికొచ్చి పడుకోండి. సూది పడినా వినిపించేంత నిశ్శబ్దం.

ఇట్లు,
టీచరు

తా.క. గురక సంగతి నిద్రపోయేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఎందుకైనా మంచిదని మంచం అవతలి గోడకు జరిపాను.

---

టీచరుగారికి నమస్కారాలు.

మీరు పడ్డ శ్రమకు చేతులెత్తి మొక్కుతున్నాను. కానీ మీ ఇల్లు నాకు సరిపడదు. తప్పు మీది కాదు. బస్టాండు వెనక ఒక గది ఉందట, డ్రైవర్లు పడుకునే హాలుకి ఆనుకుని. అది మాట్లాడుకున్నాను.

ఇట్లు,
మేస్త్రి

తా.క. గడియారానికి గంట మళ్ళీ బిగించుకోండి. మిషన్ కింద దుప్పటి కూడా తీసెయ్యమనండి, పాపం.

---

ఓ మహానుభావా,

బస్టాండు వెనకా! నా ఇల్లు కాదని డ్రైవర్ల గురక పక్కనా! అయితే నా సంగతి మీకెవరో చేరవేశారన్నమాట. సరే, మిగతాది నేనే చెబుతాను. ఈ ఇంట్లో గోలంతా నేనే. మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి పిల్లల్ని అదిలించిన గొంతు ఇది, గదిలో పట్టదు. ఫోన్ వద్దన్నది అందుకే. హలో అంటే చాలు, బండారం బయటపడుతుంది. నేను తుమ్మితే కింద గోడౌను గుమాస్తా లెక్క తప్పి మొదటినుంచి మొదలుపెడతాడు. నడిస్తే కవాతు. పళ్ళసెట్టు వదులై ఏం తిన్నా టకటకమంటుంది. మీకన్నా ముందు ఒక బ్యాంకు ఉద్యోగి పారిపోయాడు, కొత్త దంపతులు పారిపోయారు. ఆఖరికి బొత్తిగా చెవుడున్న పెద్దాయన కూడా, అదురుకు మంచం కదులుతోందని ఖాళీ చేశాడు.

మీరైనా నిలుస్తారని, ఇన్నాళ్ళూ నా ఇంట్లో నేనే దొంగలా మునివేళ్ళ మీద నడవడం నేర్చుకున్నాను. తుమ్మొస్తే దిండులో మొహం దాచుకున్నాను. రేడియో కట్టేశాను. కట్టేశాకే తెలిసింది, ఈ ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటేనని. నేను వాటా ఇస్తానన్నది అద్దె కోసం కాదు బాబూ. సాయంత్రం పక్కన ఒక దీపం వెలిగితే చూద్దామని.

ఇక నాకు ఉత్తరాలు రాయకండి.

టీచరు

తా.క. ఇటుక గోడ అన్నది కూడా అబద్ధమే. అది ఉత్త చెక్క. మధ్యలో బీట తీస్తే క్యాలెండరు తగిలించాను.

---

టీచరక్కయ్యగారికి నమస్కారాలు.

రాయవద్దన్నారు. ఇదే ఆఖరిది. ఎందుకంటే దీని వెనకాలే నేనూ బయల్దేరుతున్నాను. బస్టాండు గది వద్దని కబురు పంపేశాను.

మీ ఉత్తరాలూ నా ఉత్తరాలూ తలుచుకుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. వినిపిస్తుందా అని అడిగానే గానీ, వినిపించకూడదని నేనెప్పుడైనా అన్నానా? అసలు మాట సిగ్గుపడి మింగేశాను. యాభై దాటిన మనిషి, పక్కన ఎవరో ఒకరు దగ్గుతుంటే గానీ నిద్ర పట్టదని ఇంటావిడకు ఎలా రాస్తాడు? అక్కయ్యవాళ్ళు వెళ్ళాక ఆ చెక్కకు చెవి ఆనించి పడుకునేవాణ్ణి. ఏమీ లేదు. ఉండబట్టలేక, తయారైన పళ్ళసెట్టు ఒకటి చేత్తో పట్టుకుని టకటకలాడించుకుంటూ కూర్చునేవాణ్ణి. మీరు కుళాయి బాగు చేయించానన్న రోజు నాకు అన్నం సయించలేదు.

రేడియో పెట్టండి. గట్టిగా తుమ్మండి. మంచం ఎక్కడిదక్కడ పెట్టించండి. దీపం సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ పక్కవాటా తమ్ముడు

తా.క. మీ పళ్ళసెట్టు బిగించడం నాకు చిటికెలో పని. కానీ తొందరేం లేదు లెండి, కొన్నాళ్ళు అలాగే ఉండనివ్వండి.