ఓనరుగారి కుర్చీలు

మార్చి 3, సోమవారం

ఈ రోజు కూడా బట్టల షాపులో పది గంటలు నిలబడ్డాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల అచ్చులు. సేల్స్ గర్ల్స్ కూర్చోకూడదని మా ఓనరుగారి రూల్. కూర్చుంటే కస్టమరుకి మర్యాద తక్కువట. కస్టమరు లేనప్పుడు ఎవరికి తక్కువో అడిగే ధైర్యం నాకు లేదు.

మార్చి 5, బుధవారం

ప్రార్థన కూటంలో నా కాళ్ళ వాపు తగ్గాలని ప్రార్థన చెయ్యమన్నాను. పాస్టరుగారు చక్కగా చేశారు. ఆమెన్ అనగానే రిటైర్డ్ నర్సు పెద్దమ్మ, అసలు వాపెందుకొచ్చిందే అని నిలదీసింది. చెప్పేశాను. పాస్టరుగారి ముఖం వాడిపోయింది. మరి మేం కూర్చున్న కుర్చీలన్నీ మా ఓనరుగారు చర్చికి ఇచ్చినవే. ప్రతి కుర్చీ వీపు మీదా ఎర్ర పెయింటుతో ఆయన షాపు పేరు. పైగా ఆయన మా చర్చి సంఘపెద్ద.

దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఈ ఉద్యోగం పోతే అమ్మకీ నాకూ ఇంకో ఆధారం లేదు.

మార్చి 7, శుక్రవారం

పాస్టరుగారు పదింటికి షాపుకొచ్చి జేబురుమాళ్ళు చూపించమన్నారు. ఒంటిగంటకి కూడా జేబురుమాళ్ళే చూస్తున్నారు, నా కౌంటరు దగ్గరే నిలబడి. కాసేపు ఈ కాలు మీద, కాసేపు ఆ కాలు మీద. మేం నవ్వాపుకోలేక తలలు దించుకుని బట్టలు మడతపెట్టాం. మూడింటికి ఆయన పిక్క పట్టేసింది. కుంటుకుంటూ మెట్లెక్కి ఓనరుగారి గదిలోకి వెళ్ళారు. నా పేరు చెప్పేస్తారేమోనని మెట్ల వంకే చూస్తూ, మడిచిన చీరనే మళ్ళీ మడిచాను.

ఐదు నిమిషాల్లో దిగొచ్చారు. వ్యాపారం సంగతి చర్చికెందుకని ఓనరుగారు అన్నారట. తెల్ల రుమాలొకటి కొనుక్కుని వెళ్ళిపోయారు, పాపం.

మార్చి 8, శనివారం

ఏమీ జరగలేదు. నాకు కాళ్ళున్నాయని మాత్రం బాగా తెలుస్తోంది.

మార్చి 10, సోమవారం

పదకొండింటికి వీధిలో ఊరేగింపు! ముందు పాస్టరుగారు, నెత్తిన కుర్చీ. వెనక పాస్టరమ్మగారు, నర్సు పెద్దమ్మ, ఇంకో ఐదుగురు, తలా ఒక కుర్చీ. తిన్నగా లోపలికొచ్చి మా ఎనిమిదిమంది వెనకా వేశారు. షాపు నిండా కస్టమర్లు. మెట్ల మీద ఓనరుగారు.

పాస్టరుగారికి ఆయాసం ఇంకా తగ్గలేదు. అయినా అనేశారు. "బ్రదర్, మనుషులు కూర్చోవాలనే కదా మీరు ఇవి ఇచ్చారు. వీళ్ళని కూర్చోనివ్వండి. చర్చిలో తక్కువైతే మేం నిలబడతాం."

ఇన్నాళ్ళూ ఈ పిల్లలు నిలబడే ఉన్నారా అని ఒక కస్టమరు పైకే అడిగింది. ఓనరుగారు కుర్చీల మీదున్న తన పేరు చూసుకున్నారు. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

మేమెవరం కూర్చోలేదు. భయం.

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం 2

ఓనరుగారు నా ముందు ఆగారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా పాదాల వంక చూసి, ఎన్నాళ్ళ నుంచి ఇలా వాస్తున్నాయని అడిగారు. రెండేళ్ళన్నాను. కుర్చీ నా దగ్గరికి జరిపి వెళ్ళిపోయారు.

కూర్చున్నాను. అబ్బ, ఎంత హాయి! ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పాస్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన కూడా కూర్చునే ఉన్నారట, పిక్కకి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ.

మార్చి 16, ఆదివారం

చర్చిలో ఎనిమిది కుర్చీలు తక్కువ. ఓనరుగారు అందరికంటే ముందొచ్చి గోడ పక్కన నిలబడ్డారు. నేను లేవబోతే వద్దని చెయ్యి ఊపారు. ఆఖరి ఆమెన్ దాకా అలాగే ఉన్నారు.