ముందుగా చెప్పని బ్యాటరీ

తమ్ముడు ఫల్గుణకు, ప్రభువు నిన్ను కాయుగాక.

నీ ఫోన్‌కు సిగ్నల్ అందడం లేదు గనుక ఈ ఉత్తరం పంపుతున్నాను. పూర్తిగా చదివాకే జీపు ఎక్కు.

కొండ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపి జీపును వాలుకు వదిలేస్తావు. అప్పుడు లైట్లకు బ్యాటరీ ఒక్కటే దిక్కు. పాత సీసం బ్యాటరీ ఉన్నన్నాళ్లూ అది చెల్లింది. శక్తి తగ్గితే లైట్లు ఎర్రబడేవి, హారన్ గొంతు బొంగురుపోయేది. నువ్వు కొత్తగా పెట్టించిన లిథియం బ్యాటరీ అలా కాదని మెకానిక్‌ను అడిగి తెలుసుకున్నాను. చివరి క్షణం దాకా తెల్లగా వెలిగి, తనకు ప్రమాదమని తోచగానే కరెంటు ఆపేస్తుంది. అది కాపాడుకునేది తనను, నిన్ను కాదు.

మొన్న తెల్లవారుజామున మంచులో లైట్లు ఆరినప్పుడు చక్రం లోయకు జానెడు దూరంలో ఆగింది. "ఏటయిందిరా?" అని పక్కన కూర్చున్న నేను అడిగితే, "కొత్త పెల్లికూతురు కదన్నా, అలిగినాది" అని నవ్వావు. వెనక సీట్లోంచి గంగమ్మ "అయ్యగోరి పేర్దనే బండిని ఆపినాది!" అని నా ప్రార్థనను పొగుడుతూ కేకవేసింది. అందరూ స్తోత్రం అన్నారు. బైబిల్లో దీపాలకు నూనె మరచిన కన్యకల మీద ప్రతి వారం ప్రసంగంలో గర్జించే ఈ నోరు అప్పుడు ఆ పొగడ్తను కాదనలేదు.

ఇప్పుడు గంగమ్మ చెప్పే ఆ సాక్ష్యం విని, ఘాట్ అంటే భయపడి ఎన్నడూ జీపెక్కని ముసలివాళ్లు కూడా మనవలను చంకనెత్తుకుని శుక్రవారం సంతకు నీ బండిలోనే వస్తామంటున్నారు. పాత బ్యాటరీ తిరిగి బిగించు. అది కుదరకపోతే ఇంజిన్ మాత్రం ఆపకు. బతిమాలుతున్నాను.

ఆ మహిమ నాది కాదని ఆదివారం సంఘం ముందు నిలబడి ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, శుక్రవారం ముందు వస్తుంది.

నీ అన్న